థైరాయిడ్ వ్యాధి: వంశం వంతు ఎంత?

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉగాది పచ్చడి రుచి నాలుక మీద ఉండగానే, పంతులుగారి పంచాంగ శ్రవణం చెవిలో మెదులుతుండగానే, జబ్బుల ప్రసంగం ఏమిటని కొందరు విసుక్కోవచ్చు. ఈ విషయం మేము కోరి ఎన్నుకొన్నది కాదు. మన మహిళా విభాగం వారు పట్టుబట్టి అడిగినారు. అడుగుటకు కారణమున్నది. ఈ మధ్య మన కుటుంబాలలో కుదిరిన సంబంధాలు కొన్ని ఒకే మాట మీద వీగిపోయినవి. "పిల్లకు థైరాయిడ్ ఉన్నదట. తల్లికీ ఉన్నదట. వాళ్ల వంశంలోనే ఉన్నదట." ఈ మూడు "అట"ల దెబ్బకు, నిశ్చయ తాంబూలాల దాకా వచ్చినవారు మళ్లీ రైలెక్కి శ్రీకాకుళం వెళ్లిపోయినారు. మరొక ఇంట, అత్తవారికి మందుసీసా కనబడితే బాగుండదని, పెళ్లికి నెల ముందు పిల్లచేత మాత్రలు మాన్పించినారు. మాన్పించిన సంగతి ఆమె గర్భవతి అయిన తరువాతగాని వైద్యురాలికి తెలియలేదు. సంబంధం తప్పిపోవడం కంటె ఇది ఎక్కువ ప్రమాదం. ఎందుకో ముందు ముందు చెబుతాము.

మేము వైద్యులము కాము. రైల్వేలో గుమాస్తా ఉద్యోగం, చదువు మెట్రిక్ వరకే. తెలిసిన డాక్టర్లను అడిగి, దొరికినవి చదివి, మా బుద్ధికి అందినంత పోగుచేసి తెచ్చినాము. మందు మోతాదులు మమ్ములను అడగవద్దు.

థైరాయిడ్ గ్రంథి గొంతు ముందు, రెక్కలు చాపిన సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. బరువు రెండు తులాలు కూడా ఉండదు. అయొడిన్‌ను పట్టి థైరాక్సిన్ అనే హార్మోను తయారుచేస్తుంది. శరీరంలో ఏ పని ఎంత వేగంగా నడవవలెనో ఈ హార్మోను చెబుతుంది. అది తక్కువైతే నీరసం, బరువు, మలబద్ధకం, చలికి ఓర్వలేకపోవడం, నెలసరి తేడాలు. ఎక్కువైతే గుండెదడ, చెమట, చేతివణుకు, బరువు తగ్గడం. మెదడు క్రింద ఉన్న పీయూష గ్రంథి దీనిమీద అధికారి. థైరాయిడ్ వెనుకబడితే అధికారి తాఖీదు మీద తాఖీదు పంపుతాడు. ఆ తాఖీదు పేరే టి.ఎస్.హెచ్. కాబట్టి నెత్తుటిలో టి.ఎస్.హెచ్. పెరిగినదంటే గ్రంథి పని తగ్గినదని సాధారణంగా అర్థం. ఈ ఒక్క మాట జ్ఞాపకం ఉంచుకొంటే మిగిలినదంతా సులభం.

మన పెద్దవారికి థైరాయిడ్ అనగానే మెడలో కాయ, అనగా గళగండం, జ్ఞాపకం వస్తుంది. అది చాలావరకు అయొడిన్ లోపం వలన వచ్చేది. హిమాలయాల దిగువ ప్రాంతాలలో ఊళ్లకు ఊళ్లు దానితో బాధపడినవి. 1956లో కాంగ్రా లోయలో ఉప్పుకు అయొడిన్ చేర్చి ఆ వ్యాధిని తగ్గించవచ్చునని నిరూపించే పని మొదలుపెట్టినది మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారు. ఇక్కడ మన పిల్లలకు ఆ పేరు తెలియదు. తెలియవలె. అయితే ఈనాడు మన ఇళ్లలో ఉన్న థైరాయిడ్ వ్యాధి ఎక్కువగా ఆ జాతిది కాదు. ఉప్పులో అయొడిన్ సరిపోయిన చోట్ల కనబడేది వేరొకటి. ఇందులో శరీరం తన గ్రంథిని తానే శత్రువనుకొని దండిస్తుంది.

దీనిని మొదట వివరించినవాడు హకారు హషిమోటో అనే జపాను శస్త్రవైద్యుడు. 1912లో నలుగురు స్త్రీల గ్రంథులను కోసి చూసి, వాటినిండా తెల్లరక్తకణాలు చేరి ఉన్నవని ఒక జర్మను పత్రికలో వ్రాసినాడు. అవి ఎందుకు చేరినవో తెలియడానికి నలభైనాలుగేళ్లు పట్టినది. 1956లో లండనులో ఐవన్ రోయిట్, డెబోరా డోనియాక్ బృందం ఈ రోగుల నెత్తుటిలో సొంత థైరాయిడ్ పదార్థానికి విరుద్ధమైన ప్రతిరక్షకాలు ఉన్నట్లు చూపించినారు. అదే ఏడు అమెరికాలో నోయల్ రోజ్, విటెబ్‌స్కీలు కుందేళ్లకు థైరాయిడ్ సారం ఎక్కించి అదే వ్యాధి తెప్పించినారు. అదే ఏడు న్యూజీలండులో ఆడమ్స్, పర్వ్స్ అనువారు, గ్రంథిని అతిగా పనిచేయించే పదార్థమొకటి గ్రేవ్స్ వ్యాధి గలవారి నెత్తుటిలో ఉన్నదని కనిపెట్టినారు. తరువాత అదికూడా ప్రతిరక్షకమేనని తేలినది. ఒకే ఏడు మూడు ఖండాలలో మూడు తలుపులు తెరుచుకొన్నవి.

ప్రతిరక్షకం అంటే ఏమిటి? మా ఉద్యోగపు భాషలో చెబుతాము. స్టేషనులో రక్షక దళం ఉన్నది. వాళ్లు పట్టుకోవలసినది దొంగలను. కాని ఒకనాడు పాయింట్స్‌మన్ యూనిఫారం చూసి గుర్తుపట్టక, అతని మీద ఫిర్యాదు వ్రాసి ఫైలులో పెట్టినారు అనుకోండి. ఆ ఫిర్యాదు కాగితమే ప్రతిరక్షకం. థైరాయిడ్ విషయంలో ఎక్కువగా ఫిర్యాదుకు గురి అయ్యేది టి.పి.ఓ. అనే ఎంజైము; అయొడిన్‌ను హార్మోనులో కూర్చే పనివాడు అతడే. రెండవది థైరోగ్లోబ్యులిన్. మూడవది టి.ఎస్.హెచ్. తాఖీదును అందుకొనే గ్రాహకం. ఈ మూడవదాని మీది ప్రతిరక్షకం చాలా చెడ్డది. అది స్వయంగా గ్రంథిని తోలి గ్రేవ్స్ వ్యాధి తెస్తుంది. టి.పి.ఓ. మీది ప్రతిరక్షకం అంతటి కర్త కాదు. గ్రంథిని పాడుచేసే పని ఎక్కువగా తెల్లకణాలది. ఫైలులో కాగితాలు పెరిగినవంటే లోపల తగాదా ఉన్నదని తెలుస్తుంది. అంతేగాని, కాగితాలే పాయింట్స్‌మన్‌ను కొట్టవు.

ఇది ఎందరిలో ఉన్నదంటే వింటే ఆశ్చర్యపోతారు. హైదరాబాదు, బెంగుళూరు, చెన్నై, బొంబాయి, కలకత్తా మొదలైన ఎనిమిది నగరాలలో అయిదువేలకు పైబడిన పెద్దలను పరీక్షించి 2013లో ప్రకటించిన లెక్క ప్రకారం, నూటికి సుమారు పదకొండుగురికి థైరాయిడ్ పని తగ్గి ఉన్నది. టి.పి.ఓ. ప్రతిరక్షకాలు మాత్రం నూటికి దాదాపు ఇరవైఇద్దరిలో ఉన్నవి. ఈ హాలులో నాలుగు వరుసల కుర్చీలున్నవి. లెక్క ప్రకారం దాదాపు ఒక వరుసంతా లేచి నిలబడవలె. ఈ రెండు అంకెల మధ్య తేడాను చూడండి. కాగితాలు ఉన్నవారు ఎక్కువ, గ్రంథి పని తగ్గినవారు తక్కువ.

ఇక వంశం సంగతి. ఇందుకోసమే ఈ ప్రసంగం.

వంశం వంతు కనుక్కొనే ఉపాయం కవలలను చూడడం. ఒకే అండం చీలి పుట్టిన కవలల జన్యువులు అచ్చుగుద్దినట్లు ఒకటే. రెండు అండాల కవలలు మామూలు అన్నదమ్ముల వంటివారే, సగం జన్యువులు కలుస్తవి. డెన్మార్క్‌లో కవలల పట్టిక దేశం మొత్తానికి ఉన్నది. అక్కడ 2001లో ప్రకటించిన లెక్క: ఒక అండం కవలలలో ఒకరికి గ్రేవ్స్ వ్యాధి ఉంటే రెండవవారికి ఉండడం నూటికి 35, రెండు అండాల కవలలలో 3 మాత్రమే. వంశం వంతు పెద్దదే అని దీనితో స్పష్టం. మరల ఆరోగ్యంగా ఉన్న కవలల నెత్తురు తీసి ప్రతిరక్షకాలను లెక్కపెట్టి 2006లో వారే చెప్పినది, మనుష్యుల మధ్య వాటి తేడాలలో సుమారు డెబ్బైపాళ్లు జన్యువుల వలననే అని.

ఈ డెబ్బై అనే అంకెను పట్టుకొని పారిపోవద్దు. దీని అర్థం తల్లికి ఉంటే నూరుగురు పిల్లలలో డెబ్బైమందికి వస్తుందని కాదు. ఒక సమాజంలో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఎందుకున్నవని అడిగితే, ఆ హెచ్చుతగ్గులకు కారణాలలో జన్యువుల భాగం అంత అని అర్థం. అదీగాక ముందు చెప్పిన 35ను తిప్పి చూడండి. జన్యువులు పూర్తిగా ఒకటే అయినా నూటికి 65 మందిలో రెండవ కవలకు ఆ వ్యాధి రాలేదు. జన్యువే తలరాత అయితే ఆ అరవైఅయిదుమంది సంగతి ఎవరు చెప్పగలరు? అయొడిన్ ఎక్కువతక్కువలు, కాన్పు, పొగాకు, అంటురోగాలు, ఇంకా కేవలం కాకతాళీయం అనదగినవి కూడా ఇందులో చేరుతవి.

ఆ జన్యువులు ఏవి అన్న ప్రశ్నకు మెల్లమెల్లగా జవాబు దొరకసాగినది. 2014లో ప్రకటించిన ఒక పెద్ద అధ్యయనంలో 18,297 మంది నెత్తుటిని చూసినారు. టి.పి.ఓ. ప్రతిరక్షకాలు ఉండడానికో, వాటి మట్టం పెరగడానికో సంబంధించిన అయిదు చోట్లు దొరికినవి. వాటిలో ఒకటి రెండవ క్రోమోజోములో టి.పి.ఓ. జన్యువు దగ్గరనే ఉన్నది. అనగా ఫిర్యాదు ఎవరిమీదనో, వాని ఇంటి గుమ్మంలోనే ఒక కారణం. మరొకటి బి.ఎ.సి.హెచ్.2, తెల్లకణాల శిక్షణకు సంబంధించినది. తక్కిన మూడు ఒకటవ, మూడవ, పన్నెండవ క్రోమోజోములలోనివి. ఇవికాక హెచ్.ఎల్.ఎ., సి.టి.ఎల్.ఎ.4, పి.టి.పి.ఎన్.22 అనేవి ముందే తెలిసినవి. ఇవి కాపలాదారుల కోపతాపాలను అదుపులో పెట్టే జన్యువులు. 2020లో ఐస్లాండు, బ్రిటన్‌లకు చెందిన 30,234 మంది రోగులను చూసి ఇటువంటి చోట్లు 93 అని లెక్క తేల్చినారు.

తొంభైమూడు! ఇందులో మన మనసుకు ఊరట కలిగించే విషయమున్నది. ఒక జన్యువు చెడితే వచ్చే జబ్బులు వేరు. ఇది అటువంటిది కాదు. ఒక్కొక్క చోటు చేసే చేటు చాలా స్వల్పం. 2014 అధ్యయనంలోనే, చెడ్డ పాళ్లు ఎక్కువగా పోగైనవారిని తక్కువగా ఉన్నవారితో పోల్చితే ప్రతిరక్షకాలు కనబడే అవకాశం సుమారు రెండింతలు మాత్రమే. ఈ పాళ్లలో కొన్ని ఈ సభలో ప్రతి ఒక్కరిలోనూ ఉంటవి; సంబంధం వద్దని వెళ్లిపోయిన శ్రీకాకుళం వారిలోనూ ఉంటవి. పైగా ఈ అధ్యయనాలు ఎక్కువగా ఐరోపా జాతులవారి మీద జరిగినవి. అక్కడ ముఖ్యమైన పి.టి.పి.ఎన్.22 మార్పు తూర్పు ఆసియా వారిలో దాదాపు కనబడనే కనబడదు. కాబట్టి జన్యు పరీక్ష చేసి మీ పిల్ల జాతకం చెబుతామనే ప్రకటనలకు మన డబ్బు తగలేయవద్దని మా అభిప్రాయం.

తల్లి వంశం, తండ్రి వంశం అనే తగవు ఒకటి ఉన్నది. వ్యాధి స్త్రీలలో పురుషులకంటె అయిదు నుండి పది రెట్లు ఎక్కువ. అందుచేత కంటికి కనబడేది అమ్మ, అమ్మమ్మ, పిన్ని, మేనత్త. నింద కోడలి పుట్టింటి మీద పడుతుంది. కాని జన్యువులు తండ్రి నుండి సగం వస్తవి. నాన్నగారికి జీవితంలో ఒక మాత్ర కూడా అవసరం పడకపోవచ్చు. ఆయన చేతిలోని పాళ్లు కూతురిలో బయటపడవచ్చు. పార్సెలు మోసుకొచ్చిన బండికి అందులో ఏమున్నదో తెలియనట్లే. ఈ మాట ఇళ్లలో మగవారు కొంచెం గట్టిగా చెప్పవలె.

మేనరికం గురించి తప్పక అడుగుతారు. పరదేశంలో ఉన్నాము, ఊళ్లో తెలుగిళ్లు తక్కువ, కనుక మేనమామ వరస, మేనబావ వరస మనలో ఇంకా నడుస్తున్నవి. రెండు వైపుల నుండి ఒకే చెడు జన్యువు రావలసిన జబ్బులకు మేనరికం నిజంగా ప్రమాదం. ఆ సంగతి ఈ ప్రసంగంలో చిన్నబుచ్చము. థైరాయిడ్ ఆ తరగతిది కాదు. రెండు వైపులా ఉన్న ఇంట పిల్లలకు పాళ్లు కొంచెం ఎక్కువ పోగుపడవచ్చును, అది మేనరికమైనా కాకున్నా అంతే.

మరి ఇంట్లో ఒకరికి ఉంటే తక్కినవారికి వచ్చేది ఎంత? ఆమ్‌స్టర్‌డాంలో దీనిని నేరుగా చూసినారు. దగ్గరి బంధువులకు ఈ వ్యాధి ఉండి, తాము ఆరోగ్యంగా ఉన్న 790 మంది స్త్రీలను అయిదేళ్లు కనిపెట్టి ఉన్నారు. 2008లో ఫలితం ప్రకటించినారు. ఆ అయిదేళ్లలో వ్యాధి బయటపడినది 51 మందికి. ఏటా నూటికి ఒకటిన్నర. వంశంలో ఉన్నదన్న మాటకు తూకం ఇది. తేలిగ్గా తీసివేయదగినది కాదు, పెళ్లి ఆపదగినది అంతకన్నా కాదు.

ప్రతిరక్షకాలు ఉన్నట్లు తెలిసినవారి సంగతి ఇంగ్లండు ఉత్తరభాగంలోని విక్‌హాం అనే చోట ఇరవైఏళ్లు కనిపెట్టి 1995లో చెప్పినారు. టి.ఎస్.హెచ్. సరిగా ఉండి ప్రతిరక్షకాలు మాత్రమే ఉన్న స్త్రీలలో గ్రంథి పని తగ్గడం ఏటా నూటికి ఇద్దరికి. రెండూ తేడాగా ఉన్నవారిలో నలుగురికి పైన. కనుక ప్రతిరక్షకాలు ఉన్న మనిషి చేయవలసినది ఏడాదికొకసారి టి.ఎస్.హెచ్. చూపించుకోవడం. ప్రతిరక్షకాల అంకె 300 అయినదా 900 అయినదా అని మూడు నెలలకొకసారి ల్యాబుకు పరుగెత్తడం దండగ. ఒక ల్యాబు అంకె మరొక ల్యాబు అంకెతో పోల్చరాదు, కొలిచే పద్ధతులు వేరు. పంచాంగంలో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు చదివినట్లు ఆ అంకెను చదివి దిగులుపడేవారిని మేము చాలామందిని చూసినాము. ఆ అంకెను సున్నా చేస్తామని మందులు, పథ్యాలు అమ్మేవారు కూడా అందుకే బయలుదేరినారు. గ్రంథి పని తగ్గినప్పుడు వైద్యం చేసేది ఆ లోటుకు, అంకెకు కాదు.

ఇప్పుడు మొదట వాయిదా వేసిన మాట. గర్భంలో బిడ్డకు మొదటి మూడు నెలలు సొంత థైరాయిడ్ పనిచేయదు. తల్లి థైరాక్సినే ఆధారం. బిడ్డ మెదడు తయారవుతున్న కాలం అది. 1999లో అమెరికాలో ప్రకటించిన ఒక అధ్యయనంలో, గర్భకాలంలో థైరాయిడ్ లోటు ఉండి మందు వేసుకోని తల్లుల పిల్లలకు, ఏడు నుండి తొమ్మిదేళ్ల వయసులో తెలివి పరీక్షలో సగటున 7 పాయింట్లు తక్కువ వచ్చినవి. వ్యాధి ఉన్న స్త్రీకి గర్భం వచ్చినప్పుడు మాత్ర మోతాదు సాధారణంగా పెంచవలసి వస్తుంది, మాన్పించడం కాదు. పెళ్లికోసం సీసా దాచిన ఆ తల్లిదండ్రులు దాచినది పుట్టబోయే మనుమడి వంతు. ఆ పిల్లకు వైద్యురాలు వెంటనే మందు మొదలుపెట్టినారు. తల్లీ బిడ్డా కులాసాగా ఉన్నారు. అందరికీ అట్లా సమయానికి దొరకకపోవచ్చు.

ఇక్కడ కూడా అంకెకు, వ్యాధికి భేదం పాటించవలె. టి.ఎస్.హెచ్. సరిగా ఉండి ప్రతిరక్షకాలు మాత్రమే ఉన్న స్త్రీలకు, గర్భం నిలుస్తుందేమోనని ముందే థైరాక్సిన్ ఇచ్చి చూసినారు. బ్రిటన్‌లో 2019లో ఫలితం వచ్చినది. మందు ఇచ్చినవారిలో, ఉత్తమాత్ర ఇచ్చినవారిలో బిడ్డలు పుట్టిన లెక్క దాదాపు సమానం. కాబట్టి అటువంటివారికి పరీక్ష కావలె, ఊరికే మాత్ర కాదు. గ్రేవ్స్ వ్యాధి గల తల్లుల సంగతి మాత్రం వేరు. వారి ప్రతిరక్షకాలు మాయ దాటి బిడ్డ గ్రంథిని తోలగలవు. చికిత్స పూర్తి అయి ఏళ్లు గడిచినా సరే, పాత జబ్బు సంగతి కాన్పు చేసే డాక్టరుకు చెప్పి తీరవలె.

చీటీలు కొన్ని అందినవి. చదివి జవాబు చెప్పి సెలవు తీసుకొంటాము.

"మా అమ్మకు థైరాయిడ్, నాకు బొల్లి మచ్చలు. సంబంధం ఉన్నదా?" ఉండవచ్చును. బొల్లి, పిల్లలలో వచ్చే ఇన్సులిన్ మధుమేహం, ఒక రకం రక్తహీనత, ఇవన్నీ ఇదే కుటుంబం రోగాలు. కొన్ని జన్యువులు ఉమ్మడివి. ఒకసారి టి.ఎస్.హెచ్. చూపించుకోండి.

"అయొడిన్ ఉప్పు మానేయవలెనా?" వద్దు. మామూలు వంటలో వాడే ఉప్పు మానవద్దు. అయొడిన్ మాత్రలు, సముద్రపు పాచి పొడులు సొంతంగా కొని తినవద్దు. అయొడిన్ మరీ ఎక్కువైనా ఈ తగాదా పెరుగుతుంది.

"చుట్ట తాగేవారికి ప్రతిరక్షకాలు తక్కువట, నిజమా?" ఈ చీటీ ఎవరు వ్రాసినారో దస్తూరి చూస్తే తెలుస్తూనే ఉన్నది. పొగ తాగేవారిలో టి.పి.ఓ. ప్రతిరక్షకాలు తక్కువగా కనబడిన మాట నిజమే. గ్రేవ్స్ వ్యాధి, దానితో వచ్చే కంటి ఉబ్బు పొగ తాగేవారిలోనే ఎక్కువ అన్నది కూడా నిజం. తాతగారూ, చుట్ట ఆర్పండి.

"పెళ్లిచూపులలో చెప్పవలెనా?" చెప్పవలె. రోజుకొక మాత్ర వేసుకొంటుంది, టి.ఎస్.హెచ్. ఇంత ఉన్నది అని కాగితం చూపించి చెప్పండి. ఆడపిల్లవారు చెప్పినట్లే మగపిల్లవాడి వారు వాళ్ల ఇంటి మధుమేహం, రక్తపోటు చెప్పవలె. ఏకపక్షంగా జరిగితే అది విచారణ అవుతుంది, పెళ్లిచూపులు కావు.

చివరి చీటీ ఒక యువకుడిది. "మాత్ర వేసుకొనే అమ్మాయిని చేసుకొంటే నేను ఏమేమి జాగ్రత్త పడవలె?" నాయనా, ఆ మాత్ర పరగడుపున నీళ్లతో వేసుకోవలె. తరువాత అరగంట, వీలైతే గంట, కాఫీ తాగరాదు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండవలె. ఆమె లేచి మాత్ర వేసుకొన్న తరువాత ఆ గంటలో పాలు కాచి, డికాషన్ తీసి ఉంచడం నీకు చేతనవుతుందా? అయితే ముహూర్తం పెట్టించుకో.